ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయింది?

హిందూపురంలో నేను ముప్పై ఏళ్ళు కామర్స్ చెప్పిన ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ప్రాజెక్టు రిపోర్టుకు ఇరవై ఐదుకు ఇరవై నాలుగు మార్కులు వేసేవాళ్ళం. బాగా రాసినవాళ్ళకు అనుకునేరు, కాదు, అందరికీ. కష్టపడి రాసినవాళ్ళకూ అంతే, బస్టాండు దగ్గర జిరాక్సు అంగట్లో పాత రిపోర్టుకు కొత్త అట్ట వేయించుకుని తెచ్చినవాళ్ళకూ అంతే. ఇరవై ఐదు వేస్తే యూనివర్సిటీ వాళ్ళకు అనుమానం వస్తుంది. ఒకరికి ఇరవై, ఇంకొకరికి ఇరవై రెండు వేస్తే తండ్రులు అంగళ్ళు మూసేసి మరీ కొట్లాటకు వస్తారు. ఇరవై నాలుగైతే ఎవరికీ నొప్పి లేదు. ఈ ఉపాయం కనిపెట్టింది ఎవరో కాదు, నేనే. స్టాఫ్ రూములో అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

కొత్తగా లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు పెనుకొండలో మా ఇంటికి వచ్చి, "మేడం, మీ సర్వీసులో గర్వంగా చెప్పుకునే సంగతి ఒకటి చెప్పండి" అంటారు. ఉంది, చెబుతాను. అయితే అది సిగ్గుపడే సంగతితో మొదలవుతుంది. మొదటి భాగం వినకుండా రెండో భాగం వింటే మీకు పనికిరాదు.

నా పని ఎలా సాగేదో చెబుతాను. పొద్దున క్లాసులో నాణ్యత తనిఖీ గురించి గంటసేపు పాఠం చెప్పేదాన్ని. ఫ్యాక్టరీలో ప్రతి సరుకునూ పరీక్షించకుండా ముద్ర వేస్తే ఏమవుతుందో బోర్డు మీద బొమ్మలు గీసి మరీ వివరించేదాన్ని. మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని, ఒక చేత్తో వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఇంకో చేత్తో అరవై రిపోర్టుల మీద ఇరవై నాలుగు, సంతకం, ఇరవై నాలుగు, సంతకం. అట్ట తెరిచేది కూడా లేదు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. అలాంటి బల్లిని నేను.

ఇంకొక రెండేళ్ళకు రిటైరవుతాననగా ఒక అమ్మాయి వచ్చింది. బి.బి.ఏ. మొదటి సంవత్సరం. ఊరు ధర్మవరం. తండ్రి మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. రోజూ ధర్మవరంలో రైలెక్కి హిందూపురం వచ్చేది. నేను పెనుకొండలో అదే రైలెక్కేదాన్ని. నన్ను చూడగానే లేచి, "ఈడ కూర్చోండి మేడం" అని కిటికీ పక్క సీటు ఇచ్చేది. ఏడాదంతా ఆ సీటులో కూర్చుని ప్రయాణం చేశాను. ఆమె ఏం ఆలోచిస్తుందో మాత్రం ఒక్కసారీ అడగలేదు. నేను కునుకు తీసేదాన్ని.

మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాక ఒకరోజు స్టాఫ్ రూముకు వచ్చి నిలబడింది.

"మేడం, నాకు కాలేజీ మారల్లని ఉండాది" అంది.

"ఎక్కడికి?"

చెప్పింది. నేను ఒలుస్తున్న కాయ కిందపడింది. ఆమె చెప్పింది బెంగళూరులో ఉన్న బిజినెస్ స్కూలు. ఇంటర్ అయిపోగానే దేశం నలుమూలల నుంచీ పిల్లలు పరీక్ష రాసి ఎగబడే చోటు. నేరుగా రెండో సంవత్సరంలో చేరాలంటే అక్కడ ఎవరైనా మానేసి సీటు ఖాళీ అయితేనే తీసుకుంటారు. ఆ ఏడు ఖాళీ అయినవి రెండే రెండు.

మా స్టాఫ్ రూములో ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన ఉండేవాడు. హిందూపురం మనిషి, మాటల్లో కన్నడం కలిసేది, మంచివాడు. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: "కొండకు వెంట్రుక ముడేసి లాగుతాండావు కదమ్మా. లాగు, లాగు. వస్తే కొండ, పోతే వెంట్రుక."

"పోతే వెంట్రుకే కదా సార్" అందా అమ్మాయి నవ్వకుండా. "నాకు జడ పెద్దదే."

ఆ మాటకు మేమిద్దరం నవ్వాం. సిఫారసు ఉత్తరం కావాలంది. మా కాలేజీలో సిఫారసు ఉత్తరం ఒకటే ఉండేది. దాన్ని ఎన్నో ఏళ్ళ కిందట ఈ ఇంగ్లీషు లెక్చరరే రాశాడు. ఈ విద్యార్థి క్రమశిక్షణ గలది, కష్టజీవి, పెద్దలంటే గౌరవం గలది అని ఉంటుంది. పేరు మార్చి ప్రింటు తీయడమే. ఒకసారి ఒక అబ్బాయి ఉత్తరంలో "ఆమె" అని మిగిలిపోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అబ్బాయికి ఉద్యోగం కూడా వచ్చింది. ఆ ధైర్యంతోనే ఈ అమ్మాయి పేరు పెట్టి ఉత్తరం తీసి, "సుమ్మనే, ఊరికే సంతకం పెట్టేయండి మేడం" అని నా ముందుకు తోశాడు. పెట్టేశాను.

అన్నీ ఊరికే సంతకాలే. అందుకే ఆ మంగళవారం నాకు అలా జరిగింది.

సాయంత్రం రైలు. హిందూపురం దాటి కొద్దిసేపైంది. అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఉంది. నా ఫోను మోగింది. అవతల ఒక ఆడమనిషి గొంతు, నెమ్మదైన ఇంగ్లీషు. ఆ బిజినెస్ స్కూలు నుంచి. చేరాలని దరఖాస్తు పెట్టినవాళ్ళ గురించి వాళ్ళ టీచర్లను అడగడం తమ పద్ధతి అంది. రెండు నిమిషాలు మాట్లాడవచ్చా అంది. అలాగే అన్నాను. నాకూ కొంచెం గొప్పగానే అనిపించింది, గొంతు సవరించుకుని సర్దుకుని కూర్చున్నాను.

"ఈ విద్యార్థి ప్రాజెక్టుకు మీరు ఇరవై ఐదుకు ఇరవై నాలుగు వేశారు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించారు?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఎందుకు తగ్గించాను? తెలియదు. రిపోర్టు దేని గురించో కూడా తెలియదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. చివరికి, "సిగ్నల్ సరిగ్గా లేదు, రాసి పంపుతాను" అన్నాను.

"శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ప్రిన్సిపాల్ సంతకంతో పంపండి. మాకు ఈ విషయం ముఖ్యం" అంది ఆమె. గొంతులో కోపం లేదు. సిగ్నల్ బాగానే ఉందని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

ఎదురుగా ఉన్న అమ్మాయి నా మొహమే చూస్తోంది. ఫోనులో మాట ఆమెకు కూడా వినిపించినట్టుంది.

"మేడం, మీరు నాది చదవలేదు కదా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆ పిల్ల కళ్ళు చూసి మూసుకున్నాను.

"లేదమ్మా, చదవలేదు. ఎవరిదీ చదవలేదు."

ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. సంచిలోంచి స్పైరల్ బైండింగ్ చేసిన తన కాపీ తీసి నా ఒళ్ళో పెట్టింది. "నెల దినాలు కూర్చుని రాసింటి మేడం. ఇప్పుడన్నా చదవండి. ఎట్లుండాదో నిజం చెప్పండి" అంది. ఆ కాపీ పట్టుకుని పెనుకొండలో దిగాను. నా కూతురి వయసు కూడా లేని పిల్ల ముందు అంత చిన్నబోవడం నాకు అదే మొదటిసారి.

ఇంటికి వెళ్ళి చీర కూడా మార్చుకోకుండా వరండాలో కూర్చుని చదివాను. మా ఆయన కాఫీ తెచ్చి పెట్టి, "ఏం నవల చదువుతాండావే?" అన్నాడు. కాఫీ చల్లారిపోయింది. రెండోసారి పెట్టి తెచ్చాడు, అదీ చల్లారింది.

ధర్మవరంలో ఆమె మేనమామ పట్టుచీరల అంగట్లో పనిచేసేవాడు. ఆ అంగట్లో ఒక మూల ఆమె నెల రోజులు కూర్చుంది. వచ్చిన ప్రతి కుటుంబానికి ఎన్ని చీరలు మడత విప్పి చూపించారు, వాళ్ళు చివరికి ఎన్నోది తీసుకున్నారు, ఇదే ఆమె ప్రాజెక్టు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది మొదట చూపించిన నాలుగైదు చీరల్లోంచే ఒకటి తీసుకున్నారట. ఆ తర్వాత విప్పినవన్నీ అంగడి గొప్ప చూపించుకోవడానికేనని రాసింది. విప్పిన ప్రతి చీరా మళ్ళీ మడత పెట్టాలి. విప్పి మడిచి, విప్పి మడిచి మడత దగ్గర జరీ నలుగుతుంది. మడిచే ఆడవాళ్ళ వేళ్ళు ఎలా ఉంటాయో ఒక పేజీ రాసింది. ఆ పేజీ చదివి నేను కాసేపు మా ఇంటి ఎదురుగా ఉన్న కొండకేసి చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్ళలో నా బల్ల మీదికి ఇలాంటివి ఇంకెన్ని వచ్చి వెళ్ళాయో, ఎన్నింటి మీద వేరుశనగ పొట్టు రాల్చానో అనిపించింది.

కానీ నేను టీచర్ని. బాగుందని మురిసిపోయి వదిలేస్తే అది కూడా చదవనట్టే. తప్పులు వెతికాను, దొరికాయి. ఒకే అంగడి చూసి ఊరంతటికీ తీర్పు చెప్పింది, రెండు మార్కులు. పెళ్ళిళ్ళ రోజుల్లోనే చూసింది, మామూలు రోజులు చూడలేదు, ఒక మార్కు. అన్నిటికన్నా పెద్దది, కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళను ఒక్కరిని కూడా ఎందుకు కొనలేదని అడగలేదు. మూడు మార్కులు. మొత్తం ఆరు పోయి పందొమ్మిది.

మరుసటి రోజు రైల్లో ఆమెకు చెప్పాను. "నేను నిజంగా వేసే మార్కు పందొమ్మిదమ్మా. అదే రాస్తే నీ సీటు పోవచ్చు. మిగతావాళ్ళంతా నిండు మార్కులతో వచ్చి ఉంటారు. ఇరవై నాలుగు అలాగే ఉంచి, ఒక మార్కుకు ఏదో కారణం అల్లి పంపమంటే పంపుతాను. నీ ఇష్టం."

"పోయినోళ్ళను ఏంటికి అడగలేదో తెలుసా మేడం? సిగ్గేసింది" అంది. మళ్ళీ కొంతసేపటికి, "పందొమ్మిదే రాయండి. అల్లిన కారణం గురించి వాళ్ళు నన్ను అడిగితే నేనేం చెప్పేది?" అంది.

ఉత్తరం రాశాను. ఇంగ్లీషు లెక్చరర్ పాత కాగితం పక్కన పెట్టి, నా సొంత మాటల్లో, నా తడబడే ఇంగ్లీషులో రాశాను. "నేను ఈ రిపోర్టు చదవకుండా ఇరవై నాలుగు వేశాను. తరగతిలో అందరికీ అంతే వేశాను. తప్పు నాది, విద్యార్థిది కాదు. మీరు అడిగాక చదివాను. నా నిజమైన మార్కు పందొమ్మిది. ఆరు మార్కులు ఎక్కడ పోయాయో కింద రాస్తున్నాను. ముప్పై ఏళ్ళలో నేను పూర్తిగా చదివిన మొదటి రిపోర్టు ఇదే, ఇది చదివాక మిగతావి చదవనందుకు బాధపడుతున్నాను." ఇంగ్లీషు లెక్చరర్ అది చదివి రెండుచోట్ల కామాలు పెట్టి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన తన పాత ఉత్తరం ఎవరికీ ఇవ్వడం నేను చూడలేదు.

శుక్రవారం వచ్చింది. ప్రిన్సిపాల్ ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన హిందూపురం బట్టల వ్యాపారుల ఇంటి మనిషి. జాగ్రత్తపరుడు. గొడవ అంటే ఆమడ దూరం.

"ఏమ్మా, మనకేంటికి ఈ గోల? అందరికీ ఇరవై నాలుగేనని మనమే రాసిచ్చేదా? రేపు యూనివర్సిటీ వాళ్ళు అడిగితే ఎవరు చెప్పల్ల? మీకు ఏడాదిలో రిటైర్మెంటు. నేనింకా ఈడే ఉండల్ల కదా."

"మెమో ఇస్తే నాకే ఇవ్వండి సార్. ఉత్తరంలో తప్పు నాదేనని రాశాను."

ఆయన సంతకం పెట్టలేదు. నేను బయటికి రాగానే అమ్మాయి తండ్రికి ఫోన్ చేసి పిలిపించాడు. సాయంత్రం నాలుగింటికి ఆయన ధర్మవరం నుంచి వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన కొట్లాడితే నేను దిగివస్తానని ప్రిన్సిపాల్ ఎత్తు.

"చూడప్పా, మీ పాపకు ఇరవై నాలుగు మార్కులొచ్చినాయి. మేడం వాటిని పందొమ్మిది చేసి పంపిస్తానంటాండారు. నువ్వే చెప్పు."

ఆ తండ్రి నా వైపు తిరిగాడు. ఆ మనిషి కూతురి భవిష్యత్తు మీద నేను కత్తెర పెట్టినట్టే కదా.

"తప్పు యాడుందో రాసినారా మేడం?" అన్నాడు.

"రాశానన్నా. ఎక్కడెక్కడ ఏముందో అంతా రాశాను."

"అట్లయితే పంపిచ్చండి."

ప్రిన్సిపాల్ ఆశ్చర్యపోయాడు. "ఏమప్పా, అర్థమైందా నీకు?"

"అయింది సార్. చీర నేసేటప్పుడు యాడో ఒకచోట పోగు తెగుతాది. ఎంత పనిమంతునికైనా తెగుతాది. చీర తీసకపోయి షావుకారికి ఇచ్చేటప్పుడు మా నాయన ఏం చేసేటోడంటే, ముందు ఆ చోటే ఏలు పెట్టి చూపిచ్చేటోడు. ఈడ తెగింది, ఈడ ముడేసినా అని. షావుకారు మిగతా చీర విప్పకుండానే తీసుకునేటోడు. తప్పు దాచిపెట్టి ఇచ్చినోని చీరను మాత్రం మూరమూరా విప్పి చూస్తారు. నేనూ అట్లే ఇస్తాండా. నా బిడ్డనూ అట్లే పంపిచ్చండి."

ప్రిన్సిపాల్ కళ్ళజోడు పెట్టుకుని ఆ మనిషిని కొత్తగా చూసినట్టు చూశాడు.

"మా నాయన కూడా అట్లాంటోళ్ళ చీర విప్పేవాడు కాదు" అన్నాడు నెమ్మదిగా. "మీ ధర్మవరం నుంచే వచ్చేటివి." పెన్ను తీసి సంతకం పెట్టి, ముద్ర తానే వేశాడు. టైము నాలుగూ నలభై. ఉత్తరం స్కాన్ చేసి పంపేసరికి ఐదుకు ఏడు నిమిషాలు తక్కువ. నేను ఆ తండ్రికి చేతులు జోడించాను. ఆయన కంగారుపడి తానూ జోడించాడు.

రెండు వారాల తర్వాత ఇంటర్వ్యూకు పిలిచారు. ఆ రెండు ఆదివారాలూ ఆ అమ్మాయి ఏం చేసిందో తెలుసా? ధర్మవరంలో నాలుగు వేరే అంగళ్ళ బయట నిలబడి, కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళను ఆపి అడిగింది. ఒక పెద్దావిడ, "నీకేంటికే?" అని కసిరిందట. సిగ్గు అక్కడితో పోయిందట. ఇంకొక ఇల్లాలు చెప్పింది: "అన్ని చీరలు విప్పిచ్చినాక నచ్చలేదని చెప్పేదానికి మొగమాటం. మళ్ళీ వస్తామని చెప్పి లేచొచ్చినాం." అదే మాట ఇంకా చాలామంది చెప్పారు. అంటే అంగడి గొప్ప కోసం విప్పిన చీరలే కొనేవాళ్ళను తరిమేస్తున్నాయి. మొదటి రిపోర్టులో ఆమెకు తట్టని విషయం ఇది. నేను తగ్గించిన మూడు మార్కుల్లోంచి పుట్టింది.

బెంగళూరులో ఆమెను అరగంట కూర్చోబెట్టారు. అడిగిందంతా ఆ ఆరు మార్కుల గురించేనట. ఫోన్ చేసిన ఆవిడే అక్కడ ఉందట. చివర్లో, "మీ టీచర్ ఉత్తరం మేము దాచుకుంటాం" అందట. ఫలితం వచ్చిన రోజు పొద్దున పెనుకొండ స్టేషన్‌లో రైలు ఆగీ ఆగకముందే ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోంది. "సీటొచ్చింది మేడం" అని అరుస్తోంది. ఆ రోజు కిటికీ పక్క సీటులో నేను ఆమెను కూర్చోబెట్టాను. ఇద్దరం హిందూపురం దాకా ఏడుస్తూ నవ్వుతూ వచ్చాం. అందరూ మమ్మల్నే చూశారు. చూడనీ.

నా చివరి ఏడాది అరవై రిపోర్టులూ చదివాను. మూడు వారాలు పట్టింది. తొమ్మిది నుంచి ఇరవై రెండు దాకా వేశాను. అనుకున్నట్టే తండ్రులు వచ్చారు. ఒక కిరాణా అంగడి ఆయన కాలేజీ గేటు నుంచే కేకలు మొదలుపెట్టాడు, "మా వానికి పదకొండేంది?" అని. నేను రిపోర్టు తెరిచి ముందు పెట్టాను. పేజీ పేజీకీ ఎర్ర సిరాతో నేను రాసిన గీతలు, ప్రశ్నలు. ఆయన పేజీలు తిప్పుతూ పోయాడు, కేకలు తగ్గుతూ పోయాయి. చివరికి, "ఇదంతా మీరు చదివినారా మేడం?" అన్నాడు. చదివానన్నాను. "వాని రాత మా ఇంట్లో కూడా ఎవరూ చదివింది లేదు" అని, రిపోర్టు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కాబట్టి కొత్తగా చేరిన పిల్లలూ, కొండ కదిలే అవకాశం ఎంత అని లెక్కలు వేస్తూ కూర్చోకండి. వెంట్రుక ముడి వేసిన పిల్లల చేతి కాగితం చదవండి. మన పని అంతవరకే.

ఆ అమ్మాయి చదువు అయిపోయింది. ఇప్పుడు ధర్మవరం, కదిరి అంగళ్ళకు అమ్మకాల గురించి సలహాలు చెప్పే పని సొంతంగా పెట్టుకుంది. పోయిన నెల తన మొదటి పెద్ద రిపోర్టు నాకు పంపి, కింద ఒక్క వాక్యం రాసింది: "మేడం, దీనికి ఎన్ని?"

రెండుసార్లు చదివాను. మా ఆయన తెచ్చిన కాఫీ మళ్ళీ చల్లారింది. ఇరవై రెండు వేసి పంపాను. మిగతా మూడు మార్కులు ఎక్కడ పోయాయో ఇప్పుడు ఎవరు ఫోన్ చేసి అడిగినా చెబుతాను, సిగ్నల్ ఉన్నా లేకపోయినా.